క్లయింట్లకు అకౌంటెంట్ పంపే, జీఎస్టీ గడువు గుర్తు చేసే మెసేజ్: ఈ రెండింటిలో ఏది పనిచేస్తుంది?

మొదటిది ఆడిట్ ఆఫీసుల్లో అలవాటైన రకం: "గౌరవనీయులైన క్లయింట్లకు, చట్టప్రకారం నిర్దేశిత గడువులోగా రిటర్నులు దాఖలు చేయవలసి ఉన్నందున, సంబంధిత పత్రాలను సత్వరమే సమర్పించవలసిందిగా మనవి."

రెండోది: "సార్, పోయిన నెల సేల్స్, పర్చేజ్ బిల్లులు 5వ తేదీలోపు పంపండి. 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20లోపు 3బీ (పన్ను కట్టే రిటర్న్) వేయాలి. 3బీ లేటైతే రోజుకు 50 రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి."

మొదటిదాంట్లో తప్పేమీ లేదు, మర్యాదకూ లోటు లేదు. కానీ బేరాల మధ్య ఫోన్ చూసుకునే షాపాయనకు ఏ బిల్లులో, ఎప్పటిలోగానో అర్థం కాదు. అడుగుదామని ఫోన్ చేయాలి. చేయడు. 19వ తేదీ రాత్రి టెన్షన్ మాత్రం అకౌంటెంటుకే.

రెండోది మరీ మొరటుగా ఉందని సీనియర్లు అనొచ్చు. "సార్", "పంపండి" అన్నాక ఇంకా ఏం మర్యాద కావాలి? డిపార్ట్‌మెంట్ నోటీసుకు జవాబైతే వేరే సంగతి. అక్కడ సెక్షన్ నంబర్లతో పద్ధతిగా రాయాల్సిందే.

ఒక్క జాగ్రత్త: మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్ల తేదీలు వేరు. ఇదే మెసేజ్‌ని వాళ్లకు ఫార్వర్డ్ చేయకండి.