మూడు చైనా వెబ్ నవలలు: లేనివాడి కథ ఏది బాగా చెప్పింది?

రాతిఫలకం మీద అక్షరాలు వెలుగుతాయి: "దౌ శక్తి, మూడో మెట్టు!" పదిహేనేళ్ల షియావ్ యాన్ అందరి ముందూ నిలబడి ఆ మాట చదువుకుంటాడు. ఒకప్పుడు ఊరంతా మెచ్చుకున్న పిల్లాడు. మూడేళ్లుగా ఎంత సాధన చేసినా ఆ పోరు శక్తి ఒంట్లో నిలవడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. 'బ్యాటిల్ త్రూ ది హెవెన్స్' ఇలా మొదలవుతుంది.

గడ్డి పరిచి బురద మెత్తిన నల్లటి పైకప్పు. అసలు రంగేమిటో తెలియనంతగా పసుపెక్కిన పాత దుప్పటి, దానిలోంచి బూజు వాసన. పక్కనే ఒళ్లు మరిచి నిద్రపోతున్న రెండో అన్న. కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తున్న పదేళ్ల హాన్ లీ. ఇది 'ఎ రికార్డ్ ఆఫ్ ఎ మోర్టల్స్ జర్నీ టు ఇమ్మోర్టాలిటీ' మొదటి పేజీ. పేరు పొడుగు కాబట్టి ఇక నుంచి 'మోర్టల్' అంటాను.

మూడోదానిలో తల పగిలిపోయే నొప్పితో ఒక యువకుడు లేస్తాడు. కిటికీలో ఎర్రటి చంద్రుడు, బల్ల మీద రివాల్వర్. ఎక్కడున్నాడో అర్థం కాకముందే ఆ ఇంట్లో డబ్బుకు ఎంత కటకటో అర్థమవుతుంది. అది 'లార్డ్ ఆఫ్ ది మిస్టరీస్'.

చైనా వెబ్ రచయితలు మొదటి మూడు అధ్యాయాలను 'బంగారు మూడు అధ్యాయాలు' అంటారు. అక్కడ పాఠకుణ్ణి పట్టుకోలేకపోతే ఆ కథ పని అయిపోయినట్టే. ఈ ముగ్గురూ పట్టుకున్నారు, కానీ పట్టుకున్న కొక్కెం వేరు. ఒకరు అవమానంతో, ఒకరు పాత దుప్పటితో, ఒకరు తుపాకీతో. ఆ తేడాయే వేల పేజీల దాకా సాగుతుంది. మూడూ ఇంగ్లీషు అనువాదంలో చదివాక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. అట్టడుగున పుట్టినవాడు పైకి రావడమంటే ఏమిటో వీటిలో ఏది నిజంగా చెప్పింది?

ముందు వీటి నిడివి గురించి చెప్పాలి, ఎందుకంటే కథ నడక దానిలోంచే పుట్టింది. వెబ్ నవలలు వచ్చే చీదియెన్ అనే చైనా సైట్ 2002లో మొదలైంది. 2003లో డబ్బు కట్టి చదివే పద్ధతి తెచ్చింది: వెయ్యి అక్షరాలకు రెండు ఫెన్లు, అంటే యువాన్‌లో యాభయ్యో వంతు. ఎంత ఎక్కువ రాస్తే రచయితకు అంత రాబడి. రోజూ రాయాలి, ఒక్క రోజు ఆగినా పాఠకుడు పక్కకి పోతాడు. అందుకే 2009-2011 మధ్య వచ్చిన బ్యాటిల్ 1,600 అధ్యాయాలు దాటింది. 2008లో మొదలైన మోర్టల్ 2013 దాకా సాగి 2,400 దాటింది. 2018 ఏప్రిల్ నుంచి 2020 మే దాకా వచ్చిన మిస్టరీస్ దాదాపు 1,400 దగ్గర ఆగింది. మన వారపత్రికల సీరియళ్లు చదివిన తరానికి చివర్లో 'సశేషం' చూడగానే గుండె ఎలా కొట్టుకునేదో తెలుసు. మనవాళ్లు వారం ఆగేవాళ్లు, అక్కడ రోజుకు రెండు సశేషాలు. అనవసరంగా సాగదీసిన రచనని చైనా పాఠకులు 'నీళ్లు పోశాడు' అంటారు. పాలవాడిని మనం అనే మాటే.

బ్యాటిల్‌లో నీళ్లు తక్కువ, మంట ఎక్కువ. షియావ్ యాన్‌తో పెళ్లి కుదిరిన నాలాన్ యాన్‌రాన్ అనే అమ్మాయి పెద్ద గురుపీఠం అండతో వాళ్లింటికే వచ్చి సంబంధం వద్దంటుంది. నిండు సభలో తండ్రి తల దించుకోవాల్సి వస్తుంది. అప్పుడు వీడు అనే మాట చైనాలో నేటికీ అందరి నోటా ఉంది: ముప్పై ఏళ్లు నదికి తూర్పున, ముప్పై ఏళ్లు నదికి పడమట, కుర్రవాడు పేదవాడని చులకన చెయ్యకు. పసుపు నది దారి మార్చుకుంటే నిన్న తూర్పు ఒడ్డున ఉన్న ఊరు ఇవాళ పడమటి ఒడ్డున తేలుతుంది. మనం ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటాం. భావం అదే. మూడేళ్ల తరువాత ఆమె గురుపీఠంలోనే ఇద్దరూ తలపడాలని గడువు పడుతుంది. ఆ గడువే కథకి గడియారం. ప్రతి అధ్యాయం ఆ గడియారం చప్పుడు వింటూ చదువుతాం. ఒంట్లో కసి నింపే నడక అది. వీపు మీద కొలబద్దలాంటి బరువైన నల్లటి ఆయుధం మోస్తూ తిరుగుతాడు. అది ఒంటి మీద ఉన్నంతసేపూ శక్తిని అణిచిపెడుతుంది, దించితే తేలికైపోతాడు. అవమానం మోసేవాడికి ఇంతకంటే సూటి గుర్తు అక్కర్లేదు.

కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. 'పేదవాడని చులకన చెయ్యకు' అన్నవాడు పేదవాడా? కాదు. ఊళ్లో పేరున్న వంశానికి పెద్ద అయిన తండ్రి, ఇంట్లో నౌకర్లు, వీడు ఆ ఇంటి మూడో చిన్నదొర. పోయింది హోదా మాత్రమే, అన్నం కాదు. ముందుకెళ్లేకొద్దీ ఆ వంశంలో పురాతనమైన మహావీరుల రక్తం ఉందని తేలుతుంది. అంటే మెట్లు ఎక్కినవాడు ఆ మెట్ల మీద పుట్టినవాడే. ఎక్కాక మెట్లను ప్రశ్నించడు, పై మెట్టు మీద నిలబడతాడంతే. మూడేళ్ల గడువు తీరాక ఊరు మారుతుంది, శత్రువు మారతాడు, వరస మాత్రం అదే: ఎవడో చిన్నచూపు చూస్తాడు, చివర్లో వాడి చెంప పగులుతుంది. రోజంతా ఆఫీసులో మాటలు పడి ఇంటికొచ్చినవాడికి ఆ చెంపదెబ్బ ఎంత హాయినిస్తుందో నాకు తెలుసు, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే అది పరువు కథ, పేదరికం కథ కాదు.

మోర్టల్‌లో హాన్ లీ ఇల్లు విడిచే కారణం చూడండి. పట్నంలో హోటల్లో పనిచేసే బంధువు, వీళ్లు మూడో చిన్నాన్న అని పిలిచేవాడు, వచ్చి ఒక యుద్ధవిద్యల ముఠాలో పిల్లల్ని చేర్చుకుంటున్నారంటాడు. తిండి ఉచితం, పైగా నెలనెలా కాస్త వెండి. తండ్రి చాలాసేపు ఆలోచించి, ఆ వెండి మాట విన్నాక ఒప్పుకుంటాడు. పిల్లాడి ప్రతిభ ఎవరూ అడగరు. ఎవరూ అతన్ని అవమానించలేదు, ఎవరి మీదా ఒట్టు పెట్టుకోలేదు. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, ఒక నోరు తగ్గుతుంది, కాస్త వెండి వస్తుంది. హాస్టల్ సీటొస్తే పిల్లాణ్ణి పంపే ప్రతి ఇంటికీ ఈ లెక్క తెలుసు.

తరువాత అసలు గోడ కనబడుతుంది. ఆ లోకంలో సిద్ధులు కావాలంటే పుట్టుకతో 'ఆత్మమూలం' ఉండాలి. ఒకే మూలం శుద్ధంగా ఉంటే సాధన పరుగెడుతుంది. నాలుగైదు కలగలిసి ఉంటే దాన్ని 'దొంగ మూలం' అని పక్కన పెడతారు. హాన్ లీకి ఉన్నవి నాలుగు. గేటు దగ్గరే వాడి బతుకు మీద ముద్ర పడింది. పుట్టుకతో అంటిన ముద్ర ఎంత బరువో తెలుగు పాఠకుడికి నేను విడమర్చక్కర్లేదు.

ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టంలో యుద్ధమే లేదు. హాన్ లీ చేతికి ఒక ప్రవేశ ఫలకం దొరుకుతుంది. దాన్ని చూపిస్తే హ్వాంగ్‌ఫెంగ్ లోయ గురుపీఠం చేర్చుకోవాలి, ఒక పునాది గుళిక కూడా ఇవ్వాలి. ఆ గుళిక లేకుండా తరువాతి దశకి పోవడం దాదాపు అసాధ్యం. చేరనిస్తారు. కానీ అక్కడి పెద్ద ఒకాయన తన వంశం పిల్లల కోసం ఆ గుళిక మీద కన్నేస్తాడు. నీ మూలం ఎలాగూ పనికిరాదు, నీకిస్తే వృథా అన్నట్టు నచ్చజెబుతాడు. బదులుగా మూలికల తోటలో పని ఇప్పిస్తానంటాడు. హాన్ లీ గొడవ పెట్టుకోడు. ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకుంటాడు, తన వెనక ఎవరూ లేరని లెక్కేసుకుంటాడు. గుళిక వదులుకుని తోటపని తీసుకుంటాడు. షియావ్ యాన్ అయితే ఈ చోట ముప్పై ఏళ్ల నది సామెత చెప్పేవాడు. హాన్ లీకి ఆ మాట అనే స్తోమత లేదు.

కథ నడక కూడా వర్గాన్ని బట్టే ఉంటుందని నాకు ఇక్కడే తెలిసింది. తండ్రి, వంశం, ఇల్లు ఉన్నవాడు సవాలు విసరగలడు, ఓడినా ఇంటికి పోయి పడుకుంటాడు. ఏమీ లేనివాడికి ఒక్క ఓటమి చాలు, కథ అయిపోతుంది. అందుకే హాన్ లీ దాక్కుంటాడు, ఆగుతాడు, పారిపోతాడు. చైనా పాఠకులు ప్రేమగా 'హాన్ పావ్‌పావ్' అని పిలుస్తారు, పరుగుల హాన్ అని. మోర్టల్ నత్తనడక అని విసుక్కునేవాళ్లు చాలామంది. ఆ నెమ్మది లేకపోతే వాడి భయం మనకి అందేది కాదు.

ఇక ఆ చిన్న ఆకుపచ్చ సీసా. హాన్ లీకి దారిలో దొరికిన వస్తువు. రాత్రిపూట బయట పెడితే వెన్నెల తాగి, కొన్నాళ్లకు ఒక పచ్చటి బొట్టు తయారుచేస్తుంది. ఆ బొట్టు మూలిక మీద పడితే దాని వయసు పెరిగిపోతుంది. ఆ లోకంలో మూలిక ఎంత ముసలిదైతే అంత విలువ. పెద్ద వంశాలకీ పీఠాలకీ వందల ఏళ్ల తోటలున్నాయి. ముత్తాత నాటింది మనవడు కోస్తాడు. వారసత్వమంటే అదే, ముందే ఎవరో గడిపి పెట్టిన కాలం. హాన్ లీ తాత ఏమీ నాటలేదు. సీసా వాడికి బలం ఇవ్వలేదు, తెలివి ఇవ్వలేదు, తాతలు గడపని ఆ ఏళ్లను మాత్రం ఇచ్చింది. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే ప్రాణం పోతుందని బతుకంతా దాచిపెడతాడు. బ్యాటిల్‌లో ఉంగరంలో ఉన్న గురువు ఆత్మ అంతా విప్పి చెబుతుంది. ఈ సీసా నోరు విప్పదు. నాకు ఆ మౌనమే ఇష్టం.

మోర్టల్‌కి లోపాలున్నాయి. నడిమి భాగాల్లో నీళ్లు బాగానే పోశారు. పైకొచ్చేకొద్దీ హాన్ లీకి కింద మిగిలినవాళ్లు కనబడరు. మామూలు మనుషులు చెట్టూచేమల్లా నేపథ్యంలోకి వెళ్లిపోతారు. వాడొక్కడు గట్టెక్కాడు, ఒడ్డు మాత్రం అలాగే ఉంది.

ఆ వెలితి మిస్టరీస్ తీరుస్తుంది. చైనా రచయిత రాసినా కథ జరిగేది గ్యాస్‌దీపాలూ ఫ్యాక్టరీ పొగగొట్టాలూ ఉన్న, పాత ఇంగ్లండ్‌ని పోలిన కల్పిత రాజ్యంలో. ఒక పౌండుకి ఇరవై సొలీలు, ఒక సొలీకి పన్నెండు పెన్నీలు. మొదట్లో తలనొప్పితో లేచిన ఆ యువకుడి పేరు క్లైన్. అతని అన్న బెన్సన్ గుమాస్తా, వారానికి ఒక పౌండు పది సొలీలు. చెల్లెలు మెలిస్సా బండి ఛార్జీ మిగులుతుందని బడికి నడిచిపోతుంది. మాంసంతో బఠాణీ వండుకోవడం ఆ ఇంట్లో పండగ. వాళ్ల అప్పూ పొదుపూ చదువుతుంటే మంత్రాలూ దేవతలూ తరువాత అనిపిస్తుంది.

గుర్తుల విషయంలో దీనికి సాటి లేదు. జోస్యం చెప్పే టారో పేకలోని ఇరవై రెండు ముఖ్య కార్డుల లెక్కకు సరిపోయేలా ఇరవై రెండు మార్గాలు, ఒక్కో మార్గంలో మెట్టు మెట్టుకీ ఒక రసాయనం. దానికి పేరు జ్యోతిష్కుడనో విదూషకుడనో ఉంటుంది. తాగితే సరిపోదు, ఆ పాత్రని బతుకులో నటిస్తేనే ఒంటికి పడుతుంది. నటనలో మునిగిపోతే నువ్వు మిగలవు. ఉద్యోగం మనిషికి చేసేది ఇదే కదా. కథానాయకుడు క్లైన్ ఒకసారి డిటెక్టివ్‌గా, మరోసారి డ్వెయిన్ డాంటెస్ అనే సంపన్నుడిగా వేషం మారుస్తాడు. సంపన్నుడు కావాలంటే డబ్బొక్కటే చాలదు. బట్లర్‌ని పెట్టుకుని, మర్యాదలూ పలకరింపులూ నేర్చుకోవాల్సి వస్తుంది. పెద్దరికం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకున్న వేషమని ఇంత స్పష్టంగా చూపిన వెబ్ నవల నేను చదవలేదు.

రాజధాని బ్యాక్‌లండ్ మీదికి పొగమంచు దిగే భాగం మరో ఎత్తు. 1952 డిసెంబరులో లండన్‌ని అయిదు రోజులు కమ్మేసి వేలమందిని బలిగొన్న పొగమంచు ఇక్కడ గుర్తుకొస్తుంది. 2013 జనవరిలో బీజింగ్ పొగలో మాస్కులు కట్టుకు తిరిగిన చైనా పాఠకుడికి అదేమీ దూరపు సంగతి అయి ఉండదని నా ఊహ. గాలి అందరిదీ ఒకటే అంటారు. కానీ తూర్పు పేటలో ఇరుకు గదుల కూలీలు, బట్టలు ఉతికే ఆడవాళ్లు, ముసలి కోలర్ లాంటివాళ్లు ముందు రాలిపోతారు. కోలర్ పెద్ద పాత్ర కాదు, క్లైన్‌కి కబుర్లు మోసి నాలుగు పెన్నీలు సంపాదించుకునే మనిషి. అతని చావు నన్ను చాలా రోజులు వదల్లేదు.

మరి ఏది మేలు? కసి తీర్చుకోవాలనుంటే బ్యాటిల్ తీసుకోండి, మూడేళ్ల గడువు తీరే పోరు దాకా చదివి ఆపెయ్యండి, ఆ తరువాత పెద్దగా పోయేదేమీ లేదు. కట్టుదిట్టమైన నిర్మాణం, లోతైన గుర్తులు, చుట్టూ మనుషుల మీద జాలి కావాలంటే మిస్టరీస్. మొదటి వంద అధ్యాయాలు ఓపిక పట్టాలి. రచనగా చూస్తే మూడిట్లో అదే మెరుగని ఒప్పుకుంటాను.

అయినా ఒక్కటే చదవగలనంటే మోర్టల్ చేతిలో పెడతాను. క్లైన్ పేదింట్లో కళ్లు తెరిచాడు నిజమే, కానీ మన కాలంలో చదువుకుని ఆ ఒంట్లోకి వచ్చి చేరిన మనసు వాడిది. హాన్ లీకి ఆ ఊరు తప్ప వెనక ఏమీ లేదు. బండెక్కే ముందు, పెద్దగా మాటలు రాని తండ్రి కొడుక్కి చెప్పేది ఇంతే: నిజాయితీగా ఉండు, ఏదైనా వస్తే ఓర్చుకో, ఎవరితోనూ గొడవ పడకు. తల్లి వేళకు తిను, నిద్రపో అంటుంది. పిల్లాడు ఏడుపు ఆపుకుంటాడు.