జోడీగా డామినోలు: 28 బిళ్ళలా, 55 బిళ్ళలా?

డామినో బిళ్ళకు రెండు సగాలు, ఒక్కో సగంలో కొన్ని చుక్కలు. బల్ల మీది వరస కొసన ఉన్న చుక్కలకు సరిపోయే బిళ్ళను కలుపుతూ పోవడమే ఆట. దీన్ని ఇద్దరిద్దరు జట్టుగా, జోడీగా నేర్చుకుందామంటే, ఏ పెట్టె కొనాలన్న దగ్గరే తికమక మొదలవుతుంది. ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్, వెనెజువెలా వాళ్లది డబుల్ సిక్స్, అంటే సగానికి ఆరు చుక్కల దాకా: 28 బిళ్ళలు, నలుగురికీ తలా 7, మిగిలేదేమీ ఉండదు. క్యూబా రాజధాని హవానా వాళ్లది డబుల్ నైన్, తొమ్మిది చుక్కల దాకా: 55 బిళ్ళలు, తలా 10, మిగతా 15 పక్కన బోర్లా పడుంటాయి. మయామీలో క్యూబా వాళ్ల పేట లిటిల్ హవానాలో, మాక్సిమో గోమెజ్ పార్కు బల్లల మీద టకటకలాడేవి ఈ రెండో రకమే.

ఏదైనా ఎదురెదురుగా కూర్చున్నవాళ్లే జట్టు. మాటలు, సైగలు కుదరవు. పార్ట్‌నర్ దగ్గర ఏముందో వేసిన బిళ్ళలను బట్టి, చెప్పిన పాస్‌లను (వేయడానికి సరిపోయే బిళ్ళ లేదనడాన్ని) బట్టి పట్టుకోవాలి. రమ్మీలో పక్కవాడు పడేసిన ముక్కలు గుర్తుంచుకునే అలవాటుంటే సగం వచ్చినట్టే.

28 బిళ్ళల ఆటలో ఏదో ఒక సగంలో అయిదు చుక్కలున్నవి ఏడే. మూడు నా చేతిలో ఉన్నాయి, రెండు బల్ల మీద పడ్డాయి. వరసకు ఒక కొసన అయిదు ఉంది. అప్పుడు అటువాడూ ఇటువాడూ పాస్ అన్నారనుకోండి, మిగిలిన రెండూ నా పార్ట్‌నర్ దగ్గరే. అనుమానమే లేదు. ఇక ఆ కొసను మూయకుండా, అంటే అక్కడి అయిదును మార్చకుండా ఆడటమే నా పని.

అదే 55లో అయిదువి పది. ఇద్దరూ పాస్ అన్నా, మిగిలిన అయిదు బిళ్ళలు పార్ట్‌నర్ దగ్గరున్నాయో, బోర్లా ఉన్న పదిహేనులో ఉన్నాయో ఎవరికి తెలుసు? నేను మొదట దీంతోనే కూర్చున్నాను. పార్ట్‌నర్ కష్టపడి తెరిచిన కొసను రెండుసార్లు నేనే మూసేశాను. ఆయన ఏమీ అనలేదు, చూశాడంతే. తప్పు నాదో అదృష్టానిదో ఆట అయ్యాక కూడా నాకు తేలలేదు. నేర్చుకునేవాడికి అసలు ఇబ్బంది అదే.

చెయ్యి తిరిగినవాళ్లకి మాత్రం 55లోనే మజా ఎక్కువ. లెక్కతోపాటు ఊహ కూడా కావాలి, పైగా కొత్తవాడు కూడా అప్పుడప్పుడు గెలుస్తాడు.

ఇద్దరే కూర్చుని కుప్పలోంచి లాగే ఆటతో మొదలుపెట్టమని కొందరంటారు. నేను ఒప్పుకోను, అందులో పార్ట్‌నరే లేడు కదా.

నా ఓటు 28కే, కనీసం ఓ నెల. పెట్టె ఒక్కటే కొనేట్టయితే మాత్రం 55దే కొనండి. ఏ సగంలోనైనా ఏడు, ఎనిమిది, తొమ్మిది చుక్కలున్న బిళ్ళలన్నీ తీసి పక్కన పెడితే సరిగ్గా 28 మిగులుతాయి.