తిరిగి శ్రుతికి చేరే బ్రిడ్జి

వైబ్రాటో బ్రిడ్జి (తీగలు ఆనే పలక; దానికి తగిలించిన బార్ అనే కడ్డీని నొక్కితే స్వరం ఊగుతుంది) ఉన్న గిటారు ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పని ఒకటే. జాగ్రత్తగా శ్రుతి చేసి, ఇ మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) మోగించి, తీగలు వదులై వేలాడేదాకా బార్‌ను కిందికి నొక్కి వదిలేస్తాను. మళ్లీ అదే కార్డ్ మోగిస్తాను. ఆ రెండో కార్డ్‌లో నాకు కావలసిన సమాధానం దొరుకుతుంది. స్వరం ఎంత లోతుకు దిగుతుంది, ఎంత పైకి లేస్తుంది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. పన్నెండేళ్లలో నాలుగు రకాల బ్రిడ్జిల మీద వాయించాను. రెండేళ్లుగా గోటో కంపెనీ 510 నమూనా బ్రిడ్జి వాడుతున్నాను. ఈ సమీక్ష దాని గురించే. అయితే అది నాకు ఎందుకు నచ్చిందో చెప్పాలంటే, అంతకు ముందు వాడినవాటి దగ్గర నేను నేర్చుకున్నది కూడా చెప్పాలి.

ముందు పేరు సంగతి. కేటలాగుల్లో దీన్ని ‘ట్రెమొలో’ అంటారు. ట్రెమొలో అంటే ధ్వని పెరిగి తగ్గడం. అందులో స్వరస్థానం కదలదు. బార్ చేసేది స్వరాన్నే ఊపడం, మన సంగీతంలో కంపితం అనే గమకానికి దగ్గరి పని. లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారుతో తెచ్చిన ఈ యంత్రానికి ‘సింక్రనైజ్డ్ ట్రెమొలో’ అని పేరు పెట్టారు. ఆయన కంపెనీయే తన ఆంప్లిఫయర్లలో ధ్వనిని పెంచి తగ్గించే సర్క్యూట్‌కు ‘వైబ్రాటో’ అని పేరు పెట్టింది. తారుమారైన ఆ రెండు పేర్లూ అలాగే స్థిరపడ్డాయి. కాబట్టి కొనడానికి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి.

నా మొదటి ఎలక్ట్రిక్ గిటారుకు ఉన్నది ఆ 1954 నమూనాకు చవక అనుకరణ. ఆరు స్క్రూలు బ్రిడ్జి పలక ముందు అంచును చెక్కకు పట్టి ఉంచుతాయి. తీగలు పలకను ఒక వైపు లాగితే, గిటారు వెనక గాడిలో ఉన్న స్ప్రింగులు ఎదురు లాగుతాయి. ఈ యంత్రమంతా ఆ తూకం మీదే నిలబడుతుంది. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న గిటారు మీద 09–42 తీగలు (అతి సన్నది 0.009, అతి మందమైనది 0.042 అంగుళాలు) శ్రుతిలో ఉన్నప్పుడు ఆరూ కలిసి సుమారు 38 కిలోల బలంతో లాగుతాయి. 10–46 వేస్తే ఆ బలం సుమారు 46 కిలోలు. తీగల మందం మార్చి స్ప్రింగుల జోలికి పోకపోతే పలక ముందుకు వాలిపోయేది అందుకే.

ఆ గిటారు, బార్‌ను ముట్టుకుంటే చాలు, శ్రుతి తప్పేది. బ్రిడ్జి మార్చాలని ఏడాది పాటు అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఒక రోజు దగ్గరగా చూస్తే అసలు విషయం తెలిసింది. నా కంటే ముందు దాన్ని సర్దినవారు ఆరు స్క్రూలనూ పలకకు అదిమి బిగించేశారు. పలక ఊగడానికి చోటే లేదు. రెండు చివరల స్క్రూల మీద భారం నిలిపి, మధ్య నాలుగింటినీ వెంట్రుకవాసి వదులు చేశాను. పలక హాయిగా ఊగింది. అన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నందుకు నాకు నిజంగా బాధ కలిగింది. కొత్త బ్రిడ్జి కొనాలని అనుకుంటున్న ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే: ఉన్నదాన్ని ఒకసారి సరిగ్గా సర్ది చూడండి.

బ్రిడ్జి కంటే ఎక్కువ తప్పులు చేసేది నట్, అంటే గిటారు మెడ పైచివర తీగలు కూర్చునే గాడుల పలక. దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. బార్ దించినప్పుడు తీగ వదులై కొంచెం బిరడాల వైపుకు జారుతుంది. బార్ వదలగానే అంతే మేర వెనక్కి రావాలి. గాడిలో ఇరుక్కుని రాకపోతే ఆ తీగ శ్రుతి కంటే హెచ్చుగా నిలుస్తుంది. తీగను బెండ్ చేసి (వేలితో పక్కకు లాగి) వదిలితే దీనికి తిరగబడి జరుగుతుంది. తీగ బ్రిడ్జి వైపు జారి అక్కడే ఉండిపోతే శ్రుతి తగ్గుతుంది. దించాక హెచ్చు, బెండ్ చేశాక తగ్గు: ఈ రెండూ వినిపిస్తే దోషం నట్‌లో ఉందని దాదాపు తేల్చుకోవచ్చు. నా చేతిలో ఎప్పుడూ ఇరుక్కునేది మూడో తీగే. గాడిని తీగ మందానికి తగినట్టు నునుపు చేసి, మెత్తటి పెన్సిలు ముక్కుతో గ్రాఫైట్ రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. బిరడాల మీద తీగ చుట్లు తక్కువగా ఉండాలి. తీగను బిగించి పట్టే లాకింగ్ బిరడాలు ఉంటే చుట్టే అవసరం లేదు. ఇవేవీ చేయకుండా ఖరీదైన బ్రిడ్జి పెడితే అది పాత నట్‌తోనే పోరాడాలి.

నా రెండో గిటారు డబుల్ లాకింగ్ రకం. ఫ్లాయిడ్ రోజ్ 1970ల చివర్లో రూపొందించి, 1979లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది; గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ చేతుల్లో ప్రపంచమంతా విన్నది. నట్ దగ్గర, బ్రిడ్జి దగ్గర తీగను రెండు చోట్లా బిగించేస్తారు. ఇక జారడానికి తీగకు దారే ఉండదు. నేను చెప్పిన కార్డ్ పరీక్షలో దీనికి సాటి వచ్చేది నేను ఇంతవరకు వాయించలేదు. తీగలు మెడ మీద పడి గలగలలాడేంతగా దించి వదిలినా, కార్డ్ చెక్కు చెదరకుండా తిరిగి వస్తుంది. మొదటిసారి విన్న రోజు గంటసేపు అదే చేస్తూ కూర్చున్నాను.

మూడేళ్లు వాయించాక నాకు ఒక విషయం అర్థమైంది. నేను అంత లోతుకు దిగను. నా వాయింపులో బార్ పని ఎక్కువగా అర్ధస్వరం లోపే: దీర్ఘంగా నిలిచిన స్వరం చివర చిన్న ఊపు, కార్డ్ మీద నెమ్మదిగా ఒక అల. ఆ కొంచెం పని కోసం నేను ఎన్ని భరిస్తున్నానో లెక్క చూసుకున్నాను. ఒక తీగ మార్చాలంటే చివరి గుండును కత్తిరించాలి, శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) విప్పాలి, నట్ బిగింపు విప్పాలి, మళ్లీ అన్నీ బిగించాలి. ఆ బిగింపులు తిప్పే అలెన్ కీ ఎప్పుడూ జేబులో ఉండాలి. పాటకూ పాటకూ మధ్య ఆరో తీగను ఇ స్వరం నుంచి డి స్వరానికి దించడం కుదరదు. ఒక తీగ బలం తగ్గగానే తూకం మారి మిగతా అయిదూ హెచ్చుతాయి. ఒకసారి వేదిక మీద రెండో తీగ తెగింది. మిగతావన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. పాట సగంలో గిటారు పక్కన పెట్టేసి, నా వంతు కీబోర్డు వాయించే అతను మోయవలసి వచ్చింది. అది ఆ బ్రిడ్జి లోపం కాదు. తేలే పద్ధతిలో (చెక్కకు ఆనకుండా తూకం మీద నిలిచేలా) ఉన్న ఏ బ్రిడ్జి అయినా అలాగే చేస్తుంది. అయితే తాళం విప్పి, కొత్త తీగ వేసి, తూకం తిరిగి తేవడానికి పట్టే సమయం మాత్రం లాకింగ్ రకంలో చాలా ఎక్కువ. బార్‌తో స్వరాన్ని లోతుగా దించే డైవ్‌లు మీ సంగీతంలో భాగమైతే ఇవన్నీ సంతోషంగా భరించండి, దానికి ప్రత్యామ్నాయం వెతకవద్దు. నాలా పైపైన ఊపేవారికి ఆ తాళాలు అనవసరం.

బిగ్స్‌బీ గురించి తక్కువే చెబుతాను, దాన్ని వాడింది ఆరు నెలలే. గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ తన గిటారుకున్న పాత వైబ్రోలా (మరో రకం వైబ్రాటో పరికరం) శ్రుతి నిలపడం లేదని తెస్తే, మోటారు సైకిళ్ల యంత్రాల్లో ఆరితేరిన పాల్ బిగ్స్‌బీ దానికి బదులుగా తయారుచేసిన పరికరం ఇది. తీగలు ఒక గుండ్రని కడ్డీకి చుట్టుకుని ఉంటాయి, బార్ కింద ఒకే ఒక స్ప్రింగు. దిగేది కొద్దిగానే, అయితే నెమ్మదిగా ఊపితే కార్డ్ మొత్తం నీటి మీద నీడలా కదులుతుంది. ఆ అందం మరే బ్రిడ్జిలోనూ రాదు. గిటారు వెనక చెక్కను తొలచనక్కర లేదు కూడా. తీగ శాడిల్ మీద అటూ ఇటూ జారాలి కాబట్టి, రోలర్ శాడిల్ గానీ ఊగే బ్రిడ్జి గానీ తోడుంటేనే శ్రుతి నిలుస్తుంది. నాది అరువు గిటారు, తిరిగి ఇచ్చేశాను. ఇప్పటికీ దాని మీద మనసుంది.

ఇక గోటో 510. ఇది ఆరు స్క్రూల బదులు రెండు పోస్టుల మీద ఊగుతుంది. పలక ముందు అంచు రెండు చోట్ల కత్తి అంచులా సన్నగా ఉండి, పోస్టుల గాడుల్లో కూర్చుంటుంది. ఆనే చోటు తగ్గింది కాబట్టి రాపిడీ తగ్గింది. ఫెండర్ కూడా 1980ల రెండో సగంలో అమెరికన్ స్టాండర్డ్ స్ట్రాటోకాస్టర్‌కు రెండు పోస్టుల పద్ధతినే ఎంచుకుంది. గోటోలో నాకు బాగా నచ్చినది పోస్టు లోపల ఉండే చిన్న స్క్రూ. ఎత్తు సర్దుకున్నాక దాన్ని బిగిస్తే పోస్టు తన గొట్టంలో కదలకుండా నిలిచిపోతుంది. పోస్టు కదిలితే పలక తిరిగొచ్చే చోటు ప్రతిసారీ ఒక పిసరు మారుతుంది. ఆ పిసరే చెవికి తెలిసే అపశ్రుతి.

బార్ ఎంత బిగువుగా తిరగాలో కూడా సర్దుకోవచ్చు. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. నా పాత గిటారులో బార్ మరలు అరిగి లొడలొడలాడేవి, ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టి నెట్టుకొచ్చాను. బార్ వదులుగా ఉంటే చెయ్యి కదిలాక స్వరం కదలడానికి మధ్య ఒక ఖాళీ ఉంటుంది. సన్నటి గమకం ఆ ఖాళీలోనే పోతుంది. ఇప్పుడు చిటికెన వేలు తాకిడి కూడా స్వరంలో వినిపిస్తోంది.

సర్దడానికి నాకు ఒక పూట పట్టింది. మూడు స్ప్రింగులు, 10–46 తీగలు. శ్రుతి చేయడం, వెనక ఉన్న కొక్కేన్ని పట్టే రెండు స్క్రూలను కొంచెం తిప్పడం, శ్రుతి చెదిరితే మళ్లీ చేయడం. పలక వెనక అంచు చెక్క నుంచి సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తులో సమంగా నిలిచేదాకా అదే పని. కార్ల్ వర్హేయెన్ అనే గిటారిస్టు ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది: బార్‌ను పైకి పూర్తిగా లాగితే మూడో తీగ మూడు అర్ధస్వరాలు, రెండో తీగ రెండు, మొదటి తీగ ఒకటి పెరగాలి. నేను ఆ గురికి సర్దుకున్నాను. దీనివల్ల పైకి లాగినప్పుడు ఊహతో కాక తెలిసిన స్వరానికే చేరుతున్నాను. పోస్టుల ఎత్తు మార్చేటప్పుడు తీగలు వదులు చేసి తీరాలి. పూర్తి బిగువు మీద తిప్పితే ఆ కత్తి అంచులు దెబ్బతింటాయి. ఒకసారి మొద్దుబారితే పలక తిరిగి తన చోటికి రాదు.

కార్డ్ పరీక్షలో ఇది డబుల్ లాకింగ్ రకాన్ని అందుకోలేదు. పూర్తిగా దించితే మూడో తీగ కొద్దిగా హెచ్చి నిలుస్తుంది, ఒక చిన్న బెండ్‌తో తిరిగి సర్దుకుంటుంది. ఒక స్వరం దాకా దించితే మాత్రం ఆరు తీగలూ శ్రుతిలోకి వస్తాయి, నాకు అంతకు మించి అక్కర లేదు. తేలే బ్రిడ్జిల సహజ లక్షణం దీనికీ ఉంది. ఒక తీగను బెండ్ చేస్తే దానితో పాటు మోగే తీగ కాస్త దిగుతుంది. అరచేతిని శాడిళ్ల మీద బరువుగా ఆనిస్తే స్వరం పైకి పోతుంది. నా కుడిచేతిని తేలిక చేసుకోవడానికి రెండు నెలలు పట్టింది. నా స్నేహితురాలు ఒకరు రెండు తీగల బెండ్‌లు ఎక్కువగా వాయిస్తారు. ఆమె ఇదే బ్రిడ్జిని మరో స్ప్రింగు వేసి చెక్కకు ఆనించుకున్నారు. పైకి లాగే వీలు పోయింది, అయితే బెండ్ చేసినా తీగ తెగినా మిగతా తీగలు స్థిరంగా ఉంటాయి. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంకా ముందుకు వెళ్లి అయిదు స్ప్రింగులు వేసి, బ్లాక్ (పలక కింద స్ప్రింగులు తగిలే లోహపు దిమ్మ) వెనక చెక్కముక్క దోపి, తన స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జిని కదలకుండా చేసుకున్నారు. బార్ ఎప్పుడూ గిటారు పెట్టెలోనే ఉండిపోయేవారు అలా చేసుకోవడమే మేలు, కొత్తది కొనవద్దు.

కొనాలని నిర్ణయించుకుంటే ముందు కొలిచే స్కేలు తీయండి. మీది ఆరు స్క్రూల గిటారైతే రెండు పోస్టుల బ్రిడ్జికి చెక్కలో కొత్త రంధ్రాలు వేయాలి, ఆ పని వెనక్కి తీసుకోలేనిది. పాత గిటారంటే ప్రేమ ఉంటే ఆరు స్క్రూల రకంలోనే ఉక్కు బ్లాక్ ఉన్న మంచిది చూసుకోండి. ఇప్పటికే రెండు పోస్టులుంటే వాటి మధ్యల దూరం కొలవండి. సుమారు 56 మిల్లీమీటర్లు, 74 మిల్లీమీటర్లు అని రెండు కొలతలు ఎక్కువగా కనిపిస్తాయి, ఒకదాని బ్రిడ్జి మరొకదానికి కూర్చోదు. మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం కూడా చూడండి. అది మెడ వెడల్పుకు మించితే మొదటి తీగ ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) అంచు నుంచి జారిపోతూ ఉంటుంది. చివరగా గిటారు చెక్క మందం, దానితో పాటు బ్లాక్ పొడవు. సన్నటి గిటారులో పొడవైన బ్లాక్ పెడితే వెనక మూత బిగించలేరు.