క్యాన్సర్ అని తేలాక: ఒక్కొక్కరికీ ఫోనా, గ్రూపులో ఒక మెసేజా?

బయాప్సీ రిపోర్టులో రొమ్ము క్యాన్సర్ అని వచ్చిన రోజు మా అక్కను ఎక్కువ కుదిపింది ఇదే: ఎవరికి, ఎలా చెప్పాలి?

శ్రమ: ఫోన్‌లో ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. పిన్ని ఏడుస్తుంటే అక్కే ఓదార్చింది. నాలుగో ఫోన్‌కి గొంతు పూడుకుపోయి, ఫోన్ నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. మెసేజ్ ఒక్కసారి రాస్తే చాలు.

రిస్క్: ఫోన్‌లో చెప్పింది నోటినోటా మారి రెండో స్టేజ్ కాస్తా నాలుగోది అవుతుంది. మెసేజ్‌లో మాట మారదు, కానీ ఎక్కడెక్కడికో ఫార్వర్డ్ అవుతుంది.

డబ్బు సాయం: ఫోనే. గ్రూపులో అడగలేం.

చూడ్డానికి వచ్చేవాళ్ళు: ఇక్కడ మెసేజ్ చాలా మేలు. కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జలుబుతో వచ్చిన చుట్టంతోనే భయం. "ఈ వారం రావద్దండీ" అని ముఖం మీద అనలేం, రాయగలం.

అమ్మానాన్నలకు, పిల్లలకు, తోడబుట్టినవాళ్ళకు నేరుగానే చెప్పండి, వీలైతే పక్కన కూర్చుని. కొన్ని రొమ్ము క్యాన్సర్లు వంశపారంపర్యంగా వస్తాయి కాబట్టి అక్కచెల్లెళ్ళు డాక్టర్‌ను అడగాలి కూడా. దూరాన ఉన్న అమ్మకు ఫోన్ చేసేముందు పక్కన ఎవరైనా ఉన్నారో లేదో కనుక్కోండి. మిగతా బంధువులకు, ఆఫీసువాళ్ళకు మెసేజ్ చాలు, చివర "ఏమున్నా తమ్ముడికి చేయండి" అని ఒక నంబర్‌తో.