డ్రై ఫ్లైనా, నింఫా?
ఊటనీటి నదిలో నీళ్లు అద్దంలా ఉంటాయి, పారుదల నెమ్మది, తిండికి కొదవ లేదు, అందుకే అక్కడి ట్రౌట్ చేప మన ఫ్లైని (పురుగులా కనిపించేలా ఈకలు, దారంతో కట్టిన గాలాన్ని) తీరిగ్గా పరీక్షించి మరీ వదిలేస్తుంది. నీటి మీద తేలే డ్రై ఫ్లైలో మజా ఏంటంటే అంతా కళ్లముందే జరుగుతుంది: చేప పైకి లేవడం, నోరు తెరవడం, మనం కంగారుపడి ముందే లాగేయడం! కానీ నాచు దుబ్బుల మధ్య ఒక్కో పాయ ఒక్కో వేగంతో పోతుంటుంది కాబట్టి దారం ఫ్లైని కాస్త ఈడ్చినా చేపకి అనుమానం వచ్చేస్తుంది. 6ఎక్స్, 7ఎక్స్ లాంటి సన్న దారం కట్టక తప్పదు, పెద్ద చేప నాచులోకి దూరిందా, తెగినట్టే.

నీటిలో మునిగి ఉండే ఫ్లై, అంటే నింఫ్ సంగతి వేరు. ట్రౌట్ ఎక్కువగా తినేది నీటి లోపలే కాబట్టి అది పైకి లేవకపోయినా ఆశ ఉంటుంది. చిక్కల్లా ఎప్పుడు పట్టిందో తెలియకపోవడమే. చేప పట్టగానే కదిలి చెప్పే ఇండికేటర్ (దారానికి కట్టే చిన్న తేలుడు బెండు) పెడదామా అంటే, అంత తేటనీటిలో అది పడిన చప్పుడుకే చేపలు పరార్.

ఇంగ్లండ్‌లో అయితే సుద్దనేల నదుల్లో నింఫ్ వాడొచ్చా లేదా అని 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో పెద్ద చర్చే పెట్టారు.

నేనైతే నీటి మీద వలయాలు కనిపిస్తే డ్రై ఫ్లై, లేకపోతే ఫెజెంట్ పక్షి తోక ఈకతో కట్టే చిన్న ఫెజెంట్ టెయిల్ నింఫ్. ఏది కట్టినా చేప కంట పడకుండా గట్టు మీద మోకాళ్ల మీదే నడక.