ఏడేళ్ళు ఈఎంఆర్ వాడాక: మూడుసార్లు తీసేద్దామనుకున్నా, ఒక్క గ్రాఫ్ ఆపింది

మా క్లినిక్‌లో రోగుల రికార్డులు కంప్యూటర్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ (ఈఎంఆర్) పెట్టి ఏడేళ్ళయింది. అపాయింట్‌మెంట్లు, బిల్లులు, ప్రిస్క్రిప్షన్ ప్రింట్ల గురించి ఇక్కడ రాయను. అవి అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటాయి, అన్నిట్లోనూ ఇంచుమించు ఒకేలా విసిగిస్తాయి. ఈ ఏడేళ్ళలో మూడుసార్లు దీన్ని తీసిపారేసి మళ్ళీ కేస్ షీట్లకే పోదామని గట్టిగా అనుకున్నాను. మూడుసార్లూ నన్ను ఆపింది ఒకటే. ల్యాబ్ రిపోర్టు పేజీలో కుడిపక్క మూలన, వేలిగోరంత ఉండే గ్రాఫ్ బటన్.

ఏ పరీక్ష పక్కన దాన్ని నొక్కినా, ఆ మనిషికి ఇన్నేళ్ళలో వచ్చిన అంకెలన్నీ ఒక గీతలో కనిపిస్తాయి. అంతే దాని పని. డెమో రోజున అమ్మకాల అబ్బాయి దాన్ని చూపించను కూడా లేదు. వాయిస్ టైపింగ్ చూపించి మురిపించాడు (ఇప్పుడు అది వాడటం లేదు). మొదటి ఏడాది ఆ బటన్ నేను నొక్కనే లేదు.

ఆ మాటకొస్తే ఇందులో కంప్యూటర్ కనిపెట్టిందేమీ లేదు. వార్డులో మంచం కాళ్ళవైపు వేలాడే టెంపరేచర్ చార్టు చేసేదీ ఇదే. జర్మనీలో వుండర్‌లిష్ అనే వైద్యుడు 1868లోనే వేలమంది రోగుల జ్వరం లెక్కలు అచ్చువేసి, జ్వరం ఎంతుంది అనేదొక్కటే కాదు, ఎలా ఎక్కి ఎలా దిగుతోందో చూడాలని చూపించాడు. పిల్లల డాక్టర్లు బరువు, ఎత్తు గీతలు ఎప్పట్నుంచో గీస్తున్నారు. పెద్దవాళ్ళ రక్తపరీక్షలకే మనం గీతలు గీయలేదు. ఓపీలో ఎవరికుంది అంత తీరిక?

సరే, అసలు సంగతి. సాఫ్ట్‌వేర్ పెట్టిన మూడో ఏడు. ఆవిడకు అప్పుడు అరవై ఒకటి. ఆరేళ్ళుగా బీపీకి నా దగ్గరే చూపించుకుంటున్నారు. వచ్చినప్పుడల్లా బీపీ చూడటం, ఏడాదికోసారి రక్తపరీక్షలు రాయడం, "అంతా బాగుందమ్మా" అని పంపించడం. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీల పని తగ్గిందనడానికి గుర్తు) ప్రతిసారీ నార్మలే. మా ల్యాబ్ ఆడవాళ్ళకు 0.6 నుంచి 1.1 దాకా నార్మల్ అని వేస్తుంది, దాటితే అంకె పక్కన చుక్క పెడుతుంది. ఆవిడ రిపోర్టులో ఎప్పుడూ చుక్క లేదు. ఆ రోజూ లేదు. 1.1 ఉంది, అంటే గడప మీద ఉంది, కానీ దాటలేదు.

మందులు రాసి ప్రింట్ ఇస్తే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. మా రిసెప్షన్ అమ్మాయి వచ్చి దాన్ని లాగుతూ ఉంటే, ఊరికే కూర్చోలేక ఆ బటన్ నొక్కాను. 0.7, 0.7, 0.8, 0.8, 0.9, 1.0, 1.1. మెట్లు కట్టినట్టు ఉంది. ప్రింటర్ మాట మర్చిపోయాను.

ఏ రిపోర్టుకా రిపోర్టు చూస్తే ఏ అంకెలోనూ తప్పు లేదు. క్రియాటినిన్‌తో వచ్చిన తంటానే అది. కిడ్నీల పని సగం పోయేదాకా కూడా అది నార్మల్ హద్దుల్లోనే తిరుగుతూ ఉండగలదు. ఇప్పుడు వాడుతున్న 2021 సూత్రంతో లెక్క కడితే, యాభై ఐదేళ్ళప్పుడు 0.7కి ఆవిడ ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా) 102. అరవై ఒకటిలో 1.1కి 57. అది మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనే అంటాం. మా ల్యాబ్ అప్పట్లో ఈజీఎఫ్ఆర్ వేసేది కాదు, నేనే కట్టుకోవాలి. చుక్క లేదు కదా అని కట్టలేదు. ఆరేళ్ళూ ఆవిడను చూసింది నేనే కాబట్టి ఇంకొకరి మీద తోసేయడానికీ లేదు.

మానిటర్ ఆవిడ వైపు తిప్పాను.

"ఇదేంటి డాక్టరమ్మా, ఇలా ఎక్కుతోంది?"

"ఇది పైకి పోతోందంటే కిడ్నీల పని తగ్గుతోందని అమ్మా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, గీత లేవడం మొదలైన చోట వేలు పెట్టారు. "ఇది ఏ సంవత్సరం?" చెప్పాను. కాసేపు ఏదో లెక్కపెట్టుకున్నారు. "నా మోకాళ్ళ నొప్పులు మొదలైందీ అప్పుడే."

"నొప్పులకు ఏమన్నా వాడుతున్నారా?"

"రోజూ రెండు వేసుకుంటాను. అవి మందులేం కాదుగా, నొప్పి బిళ్ళలు."

ప్రతిసారీ "ఇంకేమన్నా మందులు వాడుతున్నారా" అని నేను అడగడం, "లేదమ్మా" అని ఆవిడ చెప్పడం ఆరేళ్ళుగా జరుగుతూనే ఉంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ దృష్టిలో మందు అంటే నేను రాసినదే. నేను రాసింది టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర, దాంతోపాటు నీరు తీసే మాత్ర. వాటికి రోజూ నొప్పి బిళ్ళ తోడైంది. కిడ్నీ వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే గొట్టాన్ని నొప్పి బిళ్ళ ఇరుకు చేస్తుంది, బయటికి పోయే గొట్టాన్ని టెల్మిసార్టాన్ వెడల్పు చేస్తుంది, మూడోది ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. ఇక వడపోతకు ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? డెమోలో గొప్పగా చెప్పిన మందుల ఇంటరాక్షన్ హెచ్చరిక ఇక్కడ మోగదు. తన జాబితాలో లేని బిళ్ళ గురించి దానికేం తెలుసు? ఆ బిళ్ళను బయటపెట్టింది ఆవిడ వేలు, ఆ గీత.

నొప్పి బిళ్ళలు ఆపించి పారాసిటమాల్, వ్యాయామాలు చెప్పాను. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం లేదని తేలింది. మూడు నెలల తర్వాత 0.9 వచ్చింది, ఈజీఎఫ్ఆర్ 70 దాటింది. ఆ గీత కిందికి వంగినప్పుడు నాకు కలిగిన ఆనందం ఈ వృత్తిలో చాలా తక్కువసార్లు కలిగింది. ఆ వారమంతా కనిపించిన ప్రతి డాక్టరుకూ "ఈఎంఆర్ పెట్టండి, పెట్టండి" అని చెప్పాను.

అలా చెప్పినప్పుడు ఒక ముక్క దాచాను. దాచాననడం కన్నా అప్పటికి నాకే సరిగ్గా తట్టలేదు. ఆ ఏడు అంకెల్లో మొదటి నాలుగూ కాగితాల కాలం నాటివి. అవి గ్రాఫ్‌లోకి ఎలా వచ్చాయి?

మొదట్లో కంపెనీవాళ్ళ సలహా మీద పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేయించాను. అట్టపెట్టెలకు అట్టపెట్టెలు. రెండేళ్ళు కొత్త రిపోర్టులు కూడా స్కానే. పేపర్‌లెస్ అయిపోయామని మురిసిపోయాను. మేం చేసిందల్లా కాగితాల్ని ఫోటోలు తీయడం. ఫోటోలో 0.8 అని ఉంటే కంప్యూటర్‌కి అది 0.8 కాదు, బొమ్మ. బొమ్మల నుంచి గీత రాదు. మా రిసెప్షన్ అమ్మాయి మాత్రం మధ్యాహ్నాలు జనం లేనప్పుడు, బీపీ, షుగర్ వాళ్ళ క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) అంకెలు తేదీలతో సహా ఎక్కించేది. ఎవరూ చెప్పలేదు. పైగా నేను ఒకసారి "స్కాన్ ఉందిగా, మళ్ళీ టైపెందుకు?" అని విసుక్కున్నాను కూడా. "స్క్రీన్ మీద ఖాళీ డబ్బాలు చూస్తే చిరాగ్గా ఉంది మేడమ్" అంది. నేను ఇన్నాళ్ళుగా మెచ్చుకుంటున్న ఫీచర్‌లో సగం ఆ చిరాకు. కొనేటప్పుడు ప్యాకేజీలో అది రాదు.

మెప్పులో ఇంకో తరుగు కూడా ఉంది. గ్రాఫ్ అక్షం తనంతట తానే సర్దుకుంటుంది. 0.8 తర్వాత 0.9 వస్తే చాలు, స్క్రీన్ మీద కొండ లేస్తుంది. కొత్త మోజులో అలాంటి కొండలు చూసి కొంతమందిని అనవసరంగా మళ్ళీ పరీక్షలకు పంపాను, వాళ్ళకు టెన్షన్ పెట్టాను. ఆ మాత్రం తేడా పొద్దున ఇచ్చిన రక్తానికీ సాయంత్రం ఇచ్చినదానికీ రావచ్చు. ఒక ల్యాబ్ జాఫే పద్ధతిలో, ఇంకొకటి ఎంజైమ్ పద్ధతిలో చేసినా రావచ్చు. రెండు అంకెలతో గీత కాదు, గీసిన ప్రతిదీ జబ్బు కాదు. ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక అసలు దెబ్బ ఐదో ఏట తగిలింది. కొత్త ల్యాబ్‌తో సాఫ్ట్‌వేర్‌ను కలిపారు. ఇక టైపింగ్ అక్కర్లేదు, ఫలితాలు నేరుగా వచ్చి పడతాయి అన్నారు. నిజంగానే పడ్డాయి. షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు క్రియాటినిన్ 97 అని పడింది. ఎర్రగా. "97 ఉంటే మనిషి ఇలా నడిచి వస్తాడా!" అని నేనూ, మా రిసెప్షన్ అమ్మాయీ నవ్వుకున్నాం కూడా. మేం చూసేది మిల్లీగ్రాముల్లో, ఆ ల్యాబ్ మైక్రోమోల్స్ అనే వేరే యూనిట్‌లో పంపింది. 88.4తో భాగిస్తే 1.1. అంటే ఆయన అంకె బాగానే ఉంది. అచ్చుతప్పులాంటిదేలే అనుకుని, తీసేయకుండా అలాగే వదిలేశాం.

ఆ తర్వాత పరీక్షలు మళ్ళీ పాత ల్యాబ్‌లోనే చేయించుకున్నాడు. 1.2, ఆపైన 1.3. నేను గ్రాఫ్ తెరిచాను. 97 కోసం అక్షం 100 దాకా సాగింది. నడిమధ్యన ఒక గోపురం, మిగతా చుక్కలన్నీ అడుగున చాప పరిచినట్టు. ఆ చాపలో 1.0కీ 1.3కీ తేడా కంటికి ఆనదు. "గీత సమంగా ఉంది" అని ఆయనకు చెప్పి పంపాను. రెండుసార్లు. కాగితం రోజుల్లో అయితే పక్కపక్కన పెట్టి అంకెలు చదివేదాన్నేమో. గ్రాఫ్ ఉంది కదా అని అంకెలు చదవడం మానేశాను.

చివరికి కంటి ఆపరేషన్ ముందు చేసిన పరీక్షల్లో 1.5 అని వస్తే, అక్కడి డాక్టరు ఫోన్ చేసి అడిగారు. ఎనిమిది నెలలు ఆలస్యం. మందులు మార్చాం, ఆయన ఇప్పుడు నిలకడగానే ఉన్నాడు. కానీ ఆ ఫోన్ కాల్‌లో నేను "మా దగ్గర గ్రాఫ్ ఉంది" అని మొదలుపెట్టి, తెరిచి చూసి, మాట మింగేయడం మర్చిపోలేను.

కంపెనీకి ఫోన్ చేస్తే ల్యాబ్ తప్పన్నారు. ల్యాబ్ వాళ్ళు యూనిట్‌తో సహా పంపామన్నారు. వారం తిరిగాక ఓపికున్న ఒక సపోర్ట్ అబ్బాయి విడమర్చి చెప్పాడు. ల్యాబ్ నుంచి వచ్చే హెచ్ఎల్7 (ఆసుపత్రి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) సందేశంలో ఫలితానికి ఓబీఎక్స్ అనే వరుస ఉంటుంది. అందులో ఐదో గడిలో అంకె, ఆరో గడిలో యూనిట్. మా సాఫ్ట్‌వేర్ ఐదో గడి చదివి ఆరో గడిని వదిలేస్తోంది. పక్క గడే! ఇప్పుడు సరిచేశారు. పైగా నేను అడిగి పెట్టించుకున్నది ఒకటుంది. మనిషికి సాధ్యం కాని అంకె వస్తే గ్రాఫ్‌లోకి పోకుండా నా అనుమతి కోసం ఆగుతుంది. ఈజీఎఫ్ఆర్ కూడా ఇప్పుడు తనే కడుతుంది. అయినా గ్రాఫ్ కింద అంకెల పట్టిక తెరిచి ఉంచడం అలవాటు చేసుకున్నాను.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో డాక్టర్లు రోగితో గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు రికార్డులకూ బల్ల పనికీ పెడుతున్నారని తేలింది. నాకు అంత కాదు, కానీ చీకటి పడ్డాక ముప్పావు గంట తప్పడం లేదు. కాగితం రోజుల్లో ఆ ముప్పావు గంట ఇంట్లో ఉండేదాన్ని.

మరి తీసుకోవచ్చా అని అడిగితే, ఎవరికి అని అడుగుతాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువమంది బీపీ, షుగర్, థైరాయిడ్ వాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళే వస్తారు. ఒక్కొక్కరికి పది పదిహేను చుక్కలు పోగవుతాయి, గీతకు అర్థం వస్తుంది. జ్వరం, దగ్గు అని ఒకసారి వచ్చి మళ్ళీ కనపడనివాళ్ళే ఎక్కువైతే గ్రాఫ్‌లో ఒక్క చుక్క ఉంటుంది, దాని కోసం రోజూ ముప్పావు గంట దండగ. పైగా నాకు టైపింగ్ వచ్చు. ఖాళీ డబ్బాలు చూస్తే చిరాకుపడే మనిషి రిసెప్షన్‌లో ఉంది. ఆ అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతే ఈ రివ్యూ నేను మళ్ళీ రాయాల్సి రావచ్చు.

వచ్చే నెల రెన్యువల్. ఈసారి కట్టేముందు ఒక్కటి అడిగాను, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారితే మా డేటా ఎలా ఇస్తారని. "మొత్తం ఇస్తాం మేడమ్, ఒక్కో పేషెంటుకు ఒక్కో పీడీఎఫ్" అన్నారు. అంటే మళ్ళీ బొమ్మలే. ల్యాబ్ అంకెలు తేదీ, యూనిట్‌తో సహా పట్టికగా కావాలని మెయిల్ పెట్టాను. పన్నెండు రోజులైంది, జవాబు రాలేదు.