హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్: పొరలుగా విడదీసిన బ్లాక్‌చైన్ ఎంతవరకు నిలుస్తుంది?

పలు సంస్థలు కలిసి ఒకే ఖాతా పుస్తకాన్ని నడుపుకోవడానికి ఉద్దేశించిన బ్లాక్‌చైన్ వేదికల్లో హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్‌కే నా ఓటు. లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో 2017లో 1.0 వెర్షన్‌గా విడుదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది లావాదేవీని నడపడం, వరుసలో పెట్టడం, సరిచూడడం అనే మూడు పనులను మూడు పొరలకు పంచిన తీరు.

ఇథీరియం అనే బహిరంగ బ్లాక్‌చైన్‌లో ప్రతి లావాదేవీని ప్రతి పూర్తి నోడూ (నెట్‌వర్క్‌లోని కంప్యూటరు) తానే నడిపి చూసుకోవాలి. ఫ్యాబ్రిక్‌లో ఎండార్స్‌మెంట్ పాలసీకి (ఎవరి ఆమోదం కావాలో చెప్పే నియమానికి) అవసరమైన పీర్లు (సభ్య సంస్థల నోడ్లు) మాత్రమే చైన్‌కోడ్‌ను (లావాదేవీ నియమాలు రాసిన ప్రోగ్రామును) నడిపి, ఏయే విలువలు చదివాయో, ఏవి రాయదలచాయో తేల్చి సంతకం చేస్తాయి. వరుసలో పెట్టే నోడ్లైన ఆర్డరర్లు ఆ లావాదేవీ తప్పొప్పుల జోలికి పోకుండా బ్లాకులుగా కూర్చి పంపిస్తాయి. ఆ తరువాత ప్రతి పీరూ సంతకాలను, చదివిన విలువల వెర్షన్లను సరిచూసుకుని లెడ్జర్‌లో (ఖాతా పుస్తకంలో) చేర్చుకుంటుంది. చైన్‌కోడ్‌ను గో, జావా, జావాస్క్రిప్ట్ వంటి మామూలు భాషల్లో రాయగలగడానికి ఈ ఏర్పాటే ముఖ్య కారణం. ఆర్డరింగ్ పొరలో వరుసపై ఏకాభిప్రాయం కుదిర్చే పద్ధతిగా కాఫ్కా స్థానంలో రాఫ్ట్ వచ్చినా, 2024లో 3.0 వెర్షన్‌తో మోసగించే నోడ్లను సైతం తట్టుకునే స్మార్ట్‌బీఎఫ్‌టీ వచ్చినా, చైన్‌కోడ్‌ను తిరగరాయవలసిన అవసరం రాలేదు. పొరలు వేరుచేసినందుకు దక్కిన నిజమైన ఫలితం ఇది.

అయితే కింది పొర స్వభావం తెలియకుండా పైన కోడు రాస్తే ఫ్యాబ్రిక్ క్షమించదు. గోదాములో 100 బస్తాల సరుకు ఒకే కీ (విలువను గుర్తించే పేరు) కింద నమోదై ఉందనుకుందాం. ఇద్దరు ఒకేసారి చెరో 10 బస్తాలు తీస్తే, రెండు లావాదేవీలూ 100నే చదివి 90 రాయబోతాయి. మొదటిది చెల్లుతుంది, రెండవది బ్లాకులో ఉంటుంది గాని, చదివిన వెర్షన్ పాతబడినందున చెల్లనిదిగా ముద్ర పడుతుంది. లెక్క చెడిపోకుండా కాపాడిన ఆ కట్టుదిట్టం మెచ్చదగినదే, కాని లావాదేవీని మళ్లీ పంపే బాధ్యత అప్లికేషన్ రాసేవారిదే. రద్దీ ఎక్కువగా ఉండే చోట ప్రతి మార్పునూ వేరే కీ కింద రాసి, చదివేటప్పుడు కూడుకోవడం మేలు.

ప్రస్తుత విలువలను ఉంచే స్టేట్ డేటాబేస్ ఎంపికలోనూ ఇటువంటి మెలికే ఉంది. కౌచ్‌డీబీ అనే డేటాబేస్‌ను ఎంచుకుంటే జేసన్ క్వెరీలు (జేసన్ రూపంలోని డేటాను లోపలి వివరాలతో వెతికే సౌకర్యం) దొరుకుతాయి గాని, ఆ క్వెరీ ఫలితాలను లెడ్జర్‌లో చేర్చేటప్పుడు మళ్లీ సరిచూడరు. అందువల్ల వాటిని నివేదికలకు వాడవచ్చు, డబ్బు కదిలే లావాదేవీకి ఆధారం చేయరాదు.

గుర్తింపు పొర మొత్తం డిజిటల్ సర్టిఫికెట్ల మీదే నడుస్తుంది కనుక రోజువారీ నిర్వహణ భారం తక్కువేమీ కాదు. వాటిని ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయిన ఫ్యాబ్రిక్ సీఏ జారీచేసే సర్టిఫికెట్లకు, మనం మార్చకపోతే, గడువు ఒక్క సంవత్సరమే. ఆర్డరర్ల మధ్య సంభాషణను భద్రపరిచే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల గడువు దాటితే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక కొత్త బ్లాకులు ఆగిపోతాయి. కాబట్టి వాటిని కనిపెట్టి ఉండే మనిషి, ముందే హెచ్చరించే ఏర్పాటు లేని సంస్థకు దీన్ని నేను సిఫారసు చేయను.